పల్నాట్లో నలభై ఒక్క రోజుల మందు

మా మండపేట నుంచి పల్నాడు వెళ్ళడం చంద్రమండలం వెళ్ళడం కంటే ఒక పిసరు కష్టం. చంద్రమండలం వెళ్ళేవాళ్ళు పెరుగు మోసుకెళ్ళక్కర్లేదు. మేం మోసుకెళ్ళాం. మూడు స్టీలు క్యారేజీలు, వాటి చుట్టూ ఐసు, ఐసు చుట్టూ తడి గోనెపట్టా, ఆ గోనెపట్టాని వాటేసుకుని నేను. రైల్లో జనం ఎవరికో గుండె మార్పిడికి సరుకు తీసుకెళ్తున్నామనుకుని దారి వదిలారు.

నేను హైస్కూల్లో లెక్కల మేష్టార్ని. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప వేరే విద్య రాదు. ఈ సంగతి మొదట్లోనే మనవి చేసుకుంటున్నాను, తరవాత ఎవరూ అనుమానించకుండా.

పెరుగు మా అమ్మాయి హాసిని కోసం. దానికి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు లేవు. మాటలు తప్ప మిగతా సరంజామా అంతా ఉంది: పంతం ఉంది, అభిరుచి ఉంది, మనిషి మంచివాడో కాదో ఒక్క చూపులో తేల్చేసే జడ్జీతనం ఉంది. తినేది పెరుగన్నం ఒక్కటే. అదీ మా వీధి చివర పాలాయన గేదె పెరుగైతేనే. వేరే గేదెది కలిపితే వాసన చూసి, గిన్నెని రెండు వేళ్ళతో అవతలికి జరుపుతుంది. ఆ జరపడంలో కలెక్టరు ఫైలు తిప్పి పంపినంత దర్జా ఉంటుంది.

రాజమండ్రిలో ఒక సెంటరుకి వారానికి మూడు రోజులు తీసుకెళ్తాం. అక్కడి టీచరమ్మ ఏడాదిన్నర కష్టపడి హాసినికి బొమ్మల కార్డులు నేర్పింది. దాహం వేస్తే నీళ్ళగ్లాసు బొమ్మ తీసి మన చేతిలో పెడుతుంది. ఇష్టం లేకపోతే ఎర్ర అడ్డగీత ఉన్న ‘వద్దు’ కార్డు పెడుతుంది. మా ఇంట్లో నీళ్ళ కార్డు రోజుకి నాలుగుసార్లు చేతులు మారితే, వద్దు కార్డు నాలుగు వందలసార్లు మారుతుంది.

మా ఆవిడ వనజకి మాత్రం కార్డులు చాలలేదు. ఆమెకి ఒక్క మాట కావాలి. ‘అమ్మా’ అని పిల్ల నోటితో, ఒక్కసారి. ఇలా ఉండగా ఫోన్లో తల్లుల గ్రూపుకి ఒక వీడియో వచ్చింది. మాచర్ల ఇవతల ఒక పల్లెలో పెద్దాయన ఒకరు పొడి ఇస్తాడు, నలభై ఒక్క రోజులు వాడాలి, మాటలు వస్తాయి, పైసా పుచ్చుకోడు.

“పైసా పుచ్చుకోడటండి!” అంది వనజ.

పుచ్చుకునేవాడైతే మోసగాడని అరగంటలో నిరూపించేవాణ్ణి. పుచ్చుకోనివాణ్ణి ఏం చేస్తాం? బయల్దేరాం. నిజం చెప్పొద్దూ, లోపల నేనూ ఆశపడ్డాను. పైకి మాత్రం నాటుకోడి కూర కోసం వస్తున్నానని చెప్పాను.

నరసరావుపేట, గురువారం

మా వైపు ఒక మనిషిని పలకరించాలంటే రెండు ‘అండి’లు, ఒక ‘ఆయ్’, మధ్యలో కాఫీ, ఆ తరవాత గానీ అసలు విషయం రాదు. నరసరావుపేట లాడ్జి కౌంటరులో కూర్చున్నాయన ఆ తతంగమంతా ఒక్క ముక్కలో ముగించాడు.

“ఏంది?”

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరైనా దొంగ నిలబడ్డాడేమోనని.

“గది కావాలండి.”

“ఎందరు?”

“ముగ్గురమండి, ఆయ్.”

“యాడి నుంచి?”

“మండపేటండి.”

“అదే అనుకున్నా,” అన్నాడు, పోలీసులు వెతుకుతున్న మనిషి దొరికినట్టు. “వెయ్యి రూపాయలు. వేడినీళ్ళు ఏడింటిదాకే.”

అప్పుడే బయట పత్తి బేళ్ళ లారీ ఒకటి హారను కొట్టింది. ఆ హారను మా ఊళ్ళో కొట్టి ఉంటే ఇరవై కొబ్బరిచెట్లు కాయలు రాల్చేసేవి. హాసిని రెండు చెవులూ మూసుకుని కౌంటరు కింద దూరింది. వనజ దాని పక్కన చతికిలబడింది. ఇలాంటప్పుడు చుట్టూ జనం చూసే చూపులు మాకు అలవాటే, మొహాలు దించుకోవడమూ అలవాటే. ఆయన మాత్రం బల్ల మీద నుంచి వంగి ఒకసారి చూసి, అప్పుడే నా చేతికిచ్చిన తాళం లాక్కుని వేరే తాళం పెట్టాడు.

“వెనకమాల గది తీసుకోండి. ముందు గదికి రోడ్డు మోత చానా ఉంటది. పిల్ల పడుకోదు.”

“దాని అద్దె ఎంతండి?”

“ఏందయ్యా నీ గోల! వెయ్యని చెప్పాగా. పోండి, పిల్లని తీసకపోండి.”

మా వైపు ఇంత సాయం చేసినవాడు దాని గురించి మనవలకి చెప్పుకునేదాకా వదలడు. ఇక్కడ తిట్టి మరీ చేస్తారు. ఆ తిట్టులో ఉన్న హాయి నాకు వంటబట్టడానికి రాత్రి దాకా పట్టింది.

టిఫిను చెయ్యడానికి కింద హోటలుకి వెళ్ళాను. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. ఇడ్లీ తెల్లగా కనిపిస్తే జరిమానా వేస్తారో ఏమో, పైనంతా కారప్పొడి కప్పి, దాని మీద ఎర్రచట్నీ పోసి, పక్కన అల్లప్పచ్చడి కాపలా పెట్టారు. మొదటి ముక్కకి కళ్ళు వెళ్ళిపోయాయి. రెండో ముక్కకి చెవుల్లోంచి పొగ వచ్చింది. ఎదురుగా ఉన్నాయన తన పొగే అనుకుని బీడీ ఆర్పేశాడు.

“ఏంది సారూ, ఏడుస్తన్నారు? ఎవరన్నా పోయారా?” అన్నాడు సర్వరు.

“మీ చట్నీ బాబూ.”

“అది చప్పటిది సారూ. చిన్నపిల్లలకి పెట్టేది. అసలుది తెమ్మంటారా?”

ఆ రాత్రితో నా నాలుక ఉద్యోగానికి రాజీనామా చేసింది. ముక్కు మర్నాడు చేసింది. ఈ రెండు రాజీనామాలూ చదువరులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. నా ప్రాణం మీదికి తెచ్చినవి అవే.

పిడుగురాళ్ళ, గురజాల, శుక్రవారం

పొద్దున్నే మస్తాన్ అనే డ్రైవరు అద్దె కారు తెచ్చాడు. ఆ కారు పుట్టినప్పుడు తెల్లది. మస్తాన్ చేతులు నల్లవి, ఎందుకంటే అరవై కిలోమీటర్లకొకసారి దిగి బానెట్టు కింద దాన్ని బుజ్జగించాలి. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల తెల్లదుమ్ము మా మీద పడి మేం ముగ్గురం మైదాలో పొర్లించిన కాజాల్లా తయారయ్యాం. ఊరు దాటగానే రంగు మారింది. రోడ్డుకి అటూ ఇటూ కల్లాలు, కల్లాల నిండా ఎండుమిరపకాయలు. ఎకరాలకెకరాలు నేల మంటుకున్నట్టు. మా వైపు పచ్చదనం చూస్తే కంటికి చల్లన అంటారు. ఇక్కడి ఎర్రదనం చూస్తే కళ్ళజోడు వేడెక్కింది.

కారు చెమట్లు కక్కి ఒక కల్లం పక్కన ఆగింది. నాకు తుమ్ములు మొదలయ్యాయి. నూట డెబ్బై దాకా లెక్క పెట్టాను, తరవాత లెక్క తప్పింది. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ముసలామె తలెత్తి, “ఒరేయ్ అబ్బాయ్, అటు తిరిగి తుమ్ము. కాయలన్నీ పక్కోడి కల్లంలోకి ఎగిరిపోతన్నయ్,” అంది. యాభై ఏళ్ళ వాణ్ణి ఒరేయ్ అనడానికి మా ఊళ్ళో మా అమ్మకి తప్ప ఎవరికీ హక్కు లేదు. ఇక్కడ దారిన పోయేవాళ్ళందరికీ ఉంది. ఒక్క తుమ్ముకి పదేళ్ళు చిన్నవాణ్ణయ్యాను.

హాసినికి ఒక్క తుమ్మూ రాలేదు. కల్లం అంచున కూర్చుని మిరపకాయలు చేత్తో కదిపి ఆ గలగల వింటూ ఉంది. అరగంట. ముసలామె దాన్నేమీ అడగలేదు. పక్కన ఇంకో గుప్పెడు పోసింది.

గురజాలలో టీ పది రూపాయలు. టీకొట్టు దగ్గర మేం నోరు విప్పకముందే ముగ్గురు మనుషులు మూడు వైద్యాలు చెప్పారు. గాడిదపాలు పట్టమని ఒకాయన, తేనెలో వస కొమ్ము అరగదీసి నాకించమని ఒకావిడ, ఏ మందూ వద్దు, పిల్లని తీసుకెళ్ళి నెల్లాళ్ళు మేకల్లో తిప్పమని మూడో ఆయన. మూడోది నాకు నచ్చింది. మేకలకి మాటలొచ్చినా వస్తాయి.

కారెక్కాక వనజ మస్తాన్‌ని అడిగింది. “ఆ పెద్దాయన దగ్గరికి చాలామందిని తీసుకెళ్ళారా అండి?”

“చానామందిని తీసకపోయానమ్మా. ఇరవై మందన్నా ఉంటారు.”

“తగ్గిందా వాళ్ళకి?”

మస్తాన్ గేరు మార్చాడు. అది పడటానికి కొంత సేపు పట్టింది.

“పోయేటప్పుడు రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తారమ్మా. వచ్చినాక ఎవురూ చెయ్యరు. తగ్గినోళ్ళకి నాతో పనేముంది? తగ్గనోళ్ళకి మాత్రం నాతో పనేముంది?”

వనజ హాసిని జుట్టులోని సున్నపు దుమ్ము దులపసాగింది. నేను తుమ్మాను.

పెద్దాయన అరుగు

ఇళ్ళూ, అరుగులూ, ప్రహరీలూ, చివరికి పశువుల కొట్టం కూడా నాపరాళ్ళతోనే కట్టిన పల్లె అది. మా ఊళ్ళో కంచెకి వెదురు వాడతారు, ఇక్కడ బండ నిలబెడతారు. పెద్దాయన పేరు కోటయ్య గారు. నిలబడితే ఎనిమిది అడుగులు, కూర్చుంటే ఆరు. మీసం పక్కింటి హద్దు దాటి ఉంటుంది. ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు కూడా చెవిలో ఫోను పెట్టుకుని ఊరి తగాదా తీరుస్తూనే, చేత్తో మందు పొట్లాలు కడుతున్నాడు.

“ఆ గట్టు మీద కాలు పెట్టమాకని వాడికి చెప్పు, నే వస్తన్నా,” అని ఫోను తీసి మా వైపు తిరిగాడు. “కూకోండి. పాపకా?”

“అవునండి. మీ మందు చాలా గొప్పదని విన్నామండి,” అంది వనజ.

“మా తాత కామెర్లకిచ్చాడు. మా నాయన మూర్ఛకిచ్చాడు. నేను ఆటిజానికిస్తన్నా.”

“మూడింటికీ మందు వేరు వేరాండి?” అన్నాను.

“ఒకటే! జబ్బులు మారతయ్ గానీ మందెందుకు మారుద్ది?”

లెక్కల మేష్టారిగా నాకు ఆ సమాధానంలో ఏదో తేడా కనిపించింది గానీ ఎనిమిది అడుగుల మనిషి ముందు అది ఎంతో చిన్నదిగా కనిపించింది.

“అందులో ఏముంటుందండి?” అంది వనజ మెల్లగా.

“చెబితే పనిచెయ్యదమ్మా.”

ఆ మాట ఆయన దబాయింపుగా అనలేదు. ఎంతో నమ్మకంగా అన్నాడు, దేవుడి గదిలో మాట్లాడినట్టు. ఆ నమ్మకం చూస్తే ఎవరికైనా చెయ్యి చాపాలనిపిస్తుంది. డబ్బు తియ్యబోతే కోప్పడ్డాడు కూడా.

“ఇప్పుడు పత్యం ఇనండి. ఆదివారం తెల్లారి, పొద్దు పొడవకముందు, పరగడుపున చిటికెడు. నలభై ఒక్క రోజులు. పాలు, పెరుగు, మజ్జిగ ముట్టగూడదు.”

వనజ క్యారేజీల వైపు చూసింది. “పెరుగాండి?”

“పెరుగు, నెయ్యి, చింతపండు, గోధుమ, బెల్లం, కొబ్బరి…”

కొబ్బరి దగ్గర నా ప్రాణం పోయింది. కోనసీమ పక్కన పుట్టినవాణ్ణి కొబ్బరి మానమనడం చేపని నీళ్ళు మానమనడమే.

“మరి ఏం తినాలండి?” అన్నాను.

“జొన్నన్నం, బీరకాయ. ఉప్పు లేకుండా. మొదట్లో పేచీ పెడతది. ఆకలైతే అదే తింటది. ఇంకోటి, ఈ నలభై ఒక్క రోజులూ వేరే వైద్యం ఉండగూడదు. మందులు, ట్రైనింగులు, ఆ బొమ్మలాటలు అన్నీ కట్టెయ్యాలి.”

ఇదంతా జరుగుతుంటే హాసిని ఏం చేస్తోందో మేం చూసుకోలేదు. అది మెడలో వేలాడే కార్డుల కట్టలోంచి ఒకటి పీకి, వెళ్ళి, కోటయ్య గారి అరచేతిలో పెట్టింది. ఎర్ర అడ్డగీత. వద్దు.

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. “సరే, తరవాత ఫోన్ చేస్తాలే.”

విజిటింగు కార్డు అనుకున్నాడు పాపం. రాజకీయాల్లో ఉన్న మనిషి.

రత్తమ్మ గారి వంటిల్లు

కోటయ్య గారి భార్య రత్తమ్మ గారు మమ్మల్ని తినకుండా పంపనంది. నాకు జొన్నరొట్టె, నాటుకోడి, గోంగూర. ఆ కోడి బతికుండగా ఊళ్ళో పంచాయితీలు చేసి ఉంటుంది, ముక్క ముక్కకీ ఎదురు తిరిగింది. నా ముక్కుకి వాసన లేదు, నాలుకకి రుచి లేదు, అయినా నాలుగు రొట్టెలు మాయమయ్యాయి.

మా పెరుగు మొదటి రోజే పులిసిపోయింది. ఆఖరి క్యారేజీ మూత తియ్యగానే వాకిట్లో కుక్క లేచి వెళ్ళిపోయింది. హాసిని పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. రత్తమ్మ గారు అది చూసి పెరుగుచట్టి దింపింది. మీగడ అరచెయ్యి మందాన ఉంది.

“పత్యం కదండీ పిన్నిగారూ,” అంది వనజ.

“పత్యం ఎల్లుండి గదమ్మాయ్! ఇయ్యాల్టి ఆకలికి ఎల్లుండి పత్యమేంది? ఏమే బంగారూ, తింటావా?”

హాసిని ముద్ద వాసన చూసింది. పల్నాటి గేదె, తెలియని ఇల్లు, తెలియని గిన్నె. తినేసింది. రెండోసారి పెట్టించుకుంది. మూడోసారి చట్టిలోనే చెయ్యి పెట్టింది. వనజ అది తింటున్నంతసేపూ చూస్తూనే ఉంది. పెరుగన్నం పోయి బీరకాయ దగ్గరికి వస్తే అది ఎన్నాళ్ళు పస్తుంటుందో మా ఇద్దరికీ తెలుసు. జ్వరం వచ్చినప్పుడు ఒకసారి చూశాం. ఆకలైతే తినే రకం కాదు అది.

వచ్చేటప్పుడు రత్తమ్మ గారు నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. ఆ వైపు చుట్టం గడప దాటేటప్పుడు ఒట్టి చేతులతో పంపరు, ఏదో ఒక పొడి కట్టిస్తారు. “నల్లకారం. వేడన్నంలో నెయ్యేసుకుని తిను అబ్బాయ్.” కోటయ్య గారు వనజ చేతిలో ఇంకో పొట్లం పెట్టాడు. ఒకే దినపత్రిక, ఒకే తెల్లదారం, ఒకే నల్లటి పొడి. ఇద్దరూ అరవయ్యేళ్ళుగా ఒకే చేత్తో పొట్లాలు కడుతున్నారు.

తిరుగు దారిలో హాసిని నిద్రపోయింది. వనజ చాలాసేపటికి అంది: “నలభై ఒక్క రోజులే కదండీ. ఒక్కసారి అమ్మా అంటే, ఆ తరవాత మీరేమన్నా వింటాను.”

నేను హాసిని మెడకింద తువ్వాలు సర్దాను. ఇలాంటి మాటలకి నా దగ్గర జోకు ఉండదు.

మళ్ళీ నరసరావుపేట, శనివారం

సాయంత్రం రైలు. ఆదివారం తెల్లారేసరికి ఇల్లు, మొదటి చిటికెడు. మధ్యాహ్నం వనజ హాసినిని గదిలో పడుకోబెట్టింది. నేను కింద మెస్సుకి వెళ్ళాను. ఫుల్ మీల్స్ నూట ఇరవై. కూరలన్నీ నన్ను చూసి నవ్వుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, రత్తమ్మ గారి నల్లకారం! పైకి పరిగెత్తి, సంచిలో చెయ్యి పెట్టి, పొట్లం తెచ్చుకున్నాను.

వేడన్నం, మూడు చెంచాల పొడి, నెయ్యి. కలిపి ముద్ద పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఘాటు లేదు, వెల్లుల్లి లేదు. పక్కాయనతో అన్నాను కూడా: “మీ పల్నాటి నల్లకారం మా వైపు దాని కాలి గోటికి చాలదండి.” ఆయన నన్ను జాలిగా చూశాడు. ఘాటు చాలలేదని ఇంకో రెండు చెంచాలు వేసుకున్నాను.

గది చేరి పది నిమిషాలు కాలేదు, కడుపులో ఎవరో పెళ్ళి భోజనాలకి పొయ్యి వెలిగించారు.

నాకు నొప్పొస్తే ఊరుకునే అలవాటు లేదు. క్రికెట్టు కామెంటరీ చెప్పినట్టు బంతి బంతికీ చెబుతాను. “వనజా! మంట! బొడ్డు పైన! కాదు కాదు, ఎడమవైపు! ఇప్పుడు తిప్పుతోంది! ఇప్పుడు పొడుస్తోంది, సూది కాదు, దబ్బనం! నాలిక ఇనుము నాకినట్టుంది! వేళ్ళు తిమ్మిరెక్కాయి, చిటికెనవేలు తప్ప!” లాడ్జి మొత్తం ఆ కామెంటరీ వింది. కౌంటరాయన పైకొచ్చి, “ఏంది!” అన్నాడు. ఈసారి ఆ మాటలో కంగారు ఉంది. నన్ను భుజాన వేసుకుని ఆటోలో పడేశాడు.

వనజ సంచి తీసి, అందులో మిగిలిన పొట్లం వాసన చూసింది: వెల్లుల్లి ఘాటు. నల్లకారం పొట్లం దారం విప్పకుండా అలాగే ఉంది.

ఆస్పత్రి

డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో పెద్దది. వనజ నేను అరిచినవన్నీ వరసగా అప్పచెప్పింది: ఎక్కడ మంట, ఎప్పటి నుంచి, తిప్పు ముందా పోటు ముందా, నాలిక మీద ఇనుము. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది.

“ఏం తిన్నారు?”

వనజ పొట్లం బల్ల మీద పెట్టింది. “మా పాప కోసం తెచ్చిన మందండి. ఈయన అన్నంలో కలుపుకున్నారు.”

“ఇందులో ఏముంది?”

“తెలియదండి.”

“తెలియకుండా పాపకి వేద్దామనుకున్నారా?”

వనజ ఫోను తీసి కోటయ్య గారికి చేసి, స్పీకరు పెట్టింది.

“ఎవురూ? మండపేట అమ్మాయా? మందు రేపు గదమ్మా మొదలెట్టాల్సింది?”

“పాప కాదండి. మావారు తినేశారు.”

“ఎంత?”

“చిటికెల్లో లెక్కేస్తే ఒక నెల రోజులదండి. నెయ్యేసుకుని.”

అవతల పొట్లాలు కట్టే చప్పుడు ఆగింది. “నెయ్యి పత్యం గదమ్మా!”

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది.

“కోటయ్య గారూ, అందులో ఏముందో చెప్పండి,” అంది వనజ.

“చెబితే పనిచెయ్యదమ్మా.”

“పనిచెయ్యకూడదనే అడుగుతున్నానండి!”

మా పెళ్ళయ్యాక వనజ గొంతు ఆ ఎత్తుకి లేవడం నేను వినలేదు. మంచం మీద మెలికలు తిరుగుతున్నవాణ్ణి ఆగి మరీ విన్నాను. కోటయ్య గారు కూడా దిగొచ్చాడు.

“సగం మా కొండాకులమ్మా. ఉత్తరేణి, తుమ్మి, ఇంకో రెండు. వాటితో ఎవురికీ ఏం కాదు.”

“మిగతా సగం?”

“భస్మం. ఏడాదికోసారి ఒకాయన సంచిలో తెచ్చిస్తాడు. మా నాయన కాలం నుంచీ తెస్తన్నారు.”

“అందులో ఏముంటుందండి?”

“నేనెప్పుడూ అడగలేదమ్మా.” ఆయన గొంతు చిన్నదైంది. ఎనిమిది అడుగులూ తగ్గి మామూలు మనిషంత అయింది. “అడిగితే పనిచెయ్యదని మా నాయన చెప్పాడు.”

ఆ తరవాత నాకు జరిగిన మర్యాదలు వివరించను. ముక్కులోంచి గొట్టం వేశారు. మధ్యాహ్నం భోజనమే కాక, అయిదో తరగతిలో తిన్న జీళ్ళు కూడా బయటికొచ్చాయని నా నమ్మకం. సాయంత్రం రైలు మేం లేకుండానే వెళ్ళిపోయింది. డాక్టరమ్మ రక్తం తీయించి పరీక్షకి పంపింది. “భస్మమంటే ఏదైనా కావచ్చు. సీసం ఉండొచ్చు, పాదరసం ఉండొచ్చు. మీరు పెద్దవాళ్ళు, తిన్నది ఒక్కపూట, వెంటనే వచ్చారు. రిపోర్టు వచ్చేదాకా ధైర్యంగా ఉండండి,” అని వెళ్ళింది.

ధైర్యంగా ఉండటానికి నేను సెలైను సీసా వైపు చూశాను. హాసిని అప్పటికే చూస్తోంది. చుక్క పడినప్పుడల్లా వేలు ఆడిస్తోంది. నర్సు స్టూలు తెచ్చి దానికి వేసింది.

వనజ నా మంచం అంచున కూర్చుంది.

“మధ్యాహ్నం నుంచి అరుస్తూనే ఉన్నారు మీరు. ఎడమవైపన్నారు, పైనన్నారు, దబ్బనమన్నారు. మీరు అరిచినవే డాక్టరుగారికి చెప్పాను.”

“ఊఁ.”

“దానికి రేపు తెల్లారి నా చేత్తో వేసేదాన్ని. మంటొస్తే గిన్నె జరిపేది. బీరకాయ నచ్చక పేచీ పెడుతోందనుకునేదాన్ని. మర్నాడు మళ్ళీ వేసేదాన్ని. నలభై ఒక్క రోజులూ వేసేదాన్నండి.”

ఆమె ఏడవలేదు. నాకే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. పల్నాడు వచ్చాక కారం లేకుండా అవి రావడం అదే మొదటిసారి.

వనజ లేచి మిగిలిన పొడి డాక్టరమ్మ గదిలో ఇచ్చి వచ్చింది, పరీక్షకి పంపుతారో పారబోస్తారో వాళ్ళిష్టం, మాకు వద్దని చెప్పి. వరండాలో నిలబడి రాజమండ్రి టీచరమ్మకి ఫోను చేసింది. మంచం మీదికి నాకు వినిపిస్తూనే ఉంది.

“సోమవారం తీసుకొస్తానండి. లేదండి, ఏ వైద్యానికీ మానిపించడం లేదు. టీచరు గారూ, నొప్పికి బొమ్మ ఉంటుందాండి? కడుపుకొకటి, తలకొకటి, పంటికొకటి. ఎన్నాళ్ళు పట్టినా ఫర్వాలేదండి. ముందు అది నేర్పండి. అమ్మా అనడం దానికి వచ్చినప్పుడు వస్తుంది.”

పక్క మంచం మీద బెల్లంకొండ నుంచి వచ్చిన పెద్దావిడ పడుకుని ఉంది. మనవరాలు పట్టిన కొబ్బరినీళ్ళు తాగుతూ మా సంగతంతా కనిపెడుతూనే ఉంది. వనజ లోపలికి రాగానే మోచెయ్యి మీద లేచింది.

“ఏమే అమ్మాయ్, పాపకి మాటలు రావా? మా ఊరి కాడ ఒకామె ఉంది. నాలిక మీద పసరు రాస్తది. మూడంటే మూడే వారాలు. రూపాయి తీసుకోదు. అడ్రసు చెప్తా రాసుకో.”

వనజ పెన్ను కోసం వెతకలేదు. కాదనలేదు కూడా. మా గోదావరి జిల్లా మర్యాద ఎక్కడికి పోతుంది? వంగి ఆవిడ దుప్పటి సర్ది, నా వైపు చెయ్యి చూపించింది.

“అలాగేనండి పెద్దమ్మగారూ. కాకపోతే మా ఇంట్లో ఇకనుంచి ఏ మందైనా ముందు ఈయనకేనండి. ఈయనకి నోరుంది.”